ట్రాన్స్‌ఫార్మర్ చుట్టండి, లెక్క రాసిపెట్టండి

చెంగిచెర్లకు పడమరన మల్లాపూర్, నాచారం. ఉత్తరాన చర్లపల్లి, దాని పక్కనే కుషాయిగూడ. నైరుతిన ఉప్పల్. ఎటు చూసినా పారిశ్రామికవాడలే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులు చేసినవాళ్లు, డిప్లొమా పూర్తిచేసినవాళ్లు ఈ వాడల్లో పని దొరుకుతుందనే ఆశతో చెంగిచెర్ల, బోడుప్పల్, పీర్జాదిగూడల్లో గదులు అద్దెకు తీసుకుంటారు. చాలామందికి మొదట దొరికేది ప్యాకింగ్ పనో, స్క్రూలు బిగించే పనో. అక్కడి నుంచి టెస్టింగ్ బెంచీ దాకా, సర్వీస్ విభాగం దాకా ఎదగడం ఎలా అన్నదే వాళ్ల ముందున్న ప్రశ్న.

దానికి నా సలహా ఒకటే. ఇంట్లో మీ చేత్తో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టండి. చుట్టేముందు లెక్క కట్టండి, చుట్టాక కొలవండి, రెండూ ఒక నోటుబుక్కులో పక్కపక్కన రాయండి. వైండింగ్ మిషన్ హ్యాండిల్ తిప్పడం ఎవరికైనా పది నిమిషాల్లో వస్తుంది. తను వేసిన లెక్కకూ మీటరు చూపించిన అంకెకూ తేడా ఎందుకొచ్చిందో చెప్పగలిగినవాడు మాత్రం అరుదు. పనిచ్చే చోట వెతికేది అలాంటివాళ్ల కోసమే.

ఈ పనికి ఈ నేలతో ఉన్న బంధం

1831లో మైకేల్ ఫారడే ఇనుప రింగుకు రెండు వైపులా రాగి తీగ చుట్టి, ఒక చుట్టలో కరెంటు మారితే రెండో చుట్టలో కరెంటు పుడుతుందని చూపించాడు. అప్పటికి ఎనామెల్ పూసిన తీగ లేదు. నూలుగుడ్డ, దారం అడ్డుపెట్టి ఒక చుట్టుకు మరో చుట్టు తగలకుండా చూసుకున్నాడు. ఇవాళ మనం బాబిన్ మీద పొరకొక కాగితం వేయడం వెనక ఉన్నదీ అదే జాగ్రత్త.

మన దగ్గరికొస్తే, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. ఏఎస్ రావు నగర్‌కు ఆ పేరు ఆయనదే. వరంగల్ రోడ్డు మీద మేడిపల్లి దగ్గర కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, అంటే సీపీఆర్‌ఐ వారి అత్యధిక వోల్టేజీ ప్రయోగశాల ఉంది. లక్షల వోల్టుల దగ్గర విద్యుత్ పరికరాలను పరీక్షించే చోటు అది. అక్కడ ఇన్సులేషన్ గురించి అడిగే ప్రశ్నలకూ, మీ బల్ల మీది అరచేయంత ట్రాన్స్‌ఫార్మర్ గురించి అడగాల్సిన ప్రశ్నలకూ మూలం ఒకటే.

ఎప్పుడు చుట్టాలి, ఎప్పుడు కొనాలి

12 వోల్టులు, 2 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ కోఠి గుజరాతీ గల్లీలో తయారుగా దొరుకుతుంది. ఒక్కటే కావాలంటే, సమయం లేకపోతే కొనడమే లాభం. చుట్టాల్సిన సందర్భాలు మూడు. మొదటిది, నేర్చుకోవడానికి. రెండోది, బజారులో లేని వోల్టేజీ కావలసినప్పుడు. ఒకే కోర్ మీద 9 వోల్టులు, 18 వోల్టులు వేర్వేరుగా కావాలనుకోండి, అది చుట్టుకోవాల్సిందే. మూడోది, పాత యంత్రంలో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కు బదులు దొరకనప్పుడు. రిపేరు పనిలో ఎక్కువగా ఎదురయ్యేది ఈ మూడోదే.

నేర్చుకోవడానికి 12 వోల్టులు, 2 ఆంపియర్లదే మంచిది. తీగ మరీ సన్నగా ఉండదు, కోర్ మరీ బరువుండదు. పూర్తయ్యాక దానితోనే మీ బల్లకు పవర్ సప్లై తయారవుతుంది.

ముందు కాగితం మీద

సెకండరీ వైపు 12 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 24 వోల్ట్-ఆంపియర్లు. నష్టాలు కలుపుకుని ప్రైమరీ వైపు 30 అనుకుందాం. కోర్ నడిమి కాలు వైశాల్యం ఎంత ఉండాలో తెలియడానికి చేతి లెక్క ఒకటుంది: ఆ 30కి వర్గమూలం తీసి 1.15తో హెచ్చించాలి. 30 వర్గమూలం 5.48. అంటే సుమారు 6.3 చదరపు సెంటీమీటర్లు కావాలి.

మన బజారులో 15 నంబరు స్టాంపింగు, అంటే కోర్‌కు పేర్చే రేకు, నడిమి కాలు వెడల్పు అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. వాటిని అంగుళంపావు మందం పేరిస్తే వైశాల్యం 8.06 చదరపు సెంటీమీటర్లు. రేకుల మధ్య పూత, ఖాళీలు పోగా పదింట తొమ్మిది వంతులే ఇనుము. అంటే దాదాపు 7.2 చదరపు సెంటీమీటర్లు. మనకు కావలసినదానికన్నా కొంచెం ఎక్కువే ఉంది, మంచిదే.

తర్వాత ఒక వోల్టుకు ఎన్ని చుట్లో తేల్చాలి. 50 హెర్ట్జ్ కరెంటుకు, కోర్‌లో అయస్కాంత సాంద్రత 1 టెస్లా దాటకుండా ఉండాలంటే 45ను కోర్ వైశాల్యంతో భాగించాలి. 45ను 7.2తో భాగిస్తే 6.25. ఒక వోల్టుకు 6.25 చుట్లు. ఈ 45 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. వోల్టేజీ అంటే 4.44, ఫ్రీక్వెన్సీ, చుట్ల సంఖ్య, టెస్లా, వైశాల్యం, ఈ అయిదింటి లబ్ధం. అందులో 50 హెర్ట్జ్, 1 టెస్లా, ఒక చదరపు సెంటీమీటరు పెట్టి, ఒక వోల్టుకు ఎన్ని చుట్లో కడితే 45 వస్తుంది. ఇంటర్వ్యూలో సూత్రం అప్పజెప్పడం కన్నా ఇలా విడదీసి చెప్పడం ఎక్కువ విలువైనది.

1.2 టెస్లా పెట్టుకుంటే చుట్లు తగ్గుతాయి, రాగి మిగులుతుంది. కానీ మనం కొనే రేకులు పాతవి కావచ్చు, నాణ్యత తెలియకపోవచ్చు. రాత్రిళ్లు లైను వోల్టేజీ పెరిగి 250 దాకా వెళ్లినా 1 టెస్లా లెక్కన చుట్టినది 1.09 దగ్గరే ఉంటుంది. అదే 1.5 దగ్గర లెక్క కట్టినదైతే కోర్ నిండిపోయి హమ్మంటూ వేడెక్కుతుంది. మీ గదిలో ప్లగ్గు దగ్గర పొద్దున, సాయంత్రం, అర్ధరాత్రి వోల్టేజీ కొలిచి నోటుబుక్కు మొదటి పేజీలో రాయండి.

ప్రైమరీకి 230ని 6.25తో హెచ్చిస్తే 1,438. దాన్ని 1,440 చేద్దాం. సెకండరీకి 12ను 6.25తో హెచ్చిస్తే 75. కానీ లోడు పడినప్పుడు తీగల నిరోధం వల్ల వోల్టేజీ పడిపోతుంది. ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ నష్టం నూటికి తొమ్మిది దాకా ఉంటుంది. అందుకే సెకండరీ 82 చుట్లు వేయాలి. లోడు లేనప్పుడు 13 వోల్టులు చూపిస్తుంది, 2 ఆంపియర్లు లాగినప్పుడు 12కి దిగుతుంది.

తీగ లావు కరెంటును బట్టి. చదరపు మిల్లీమీటరుకు 2.5 ఆంపియర్లు క్షేమం. ప్రైమరీలో కరెంటు 0.13 ఆంపియర్, దానికి 33 గేజు సరిపోతుంది. దాని వ్యాసం 0.254 మిల్లీమీటర్లు. సెకండరీలో 2 ఆంపియర్లకు 19 గేజు, వ్యాసం 1.016 మిల్లీమీటర్లు. ఇక్కడ గేజు అంటే ఎస్‌డబ్ల్యూజీ. అమెరికన్ గేజు అంకెలు వేరు కాబట్టి ఎక్కడైనా పట్టిక చూస్తే అది ఏ గేజుదో ముందు చూడండి.

ఆఖరి లెక్క, ఈ తీగంతా కోర్ కిటికీలో, అంటే నడిమి కాలుకూ పక్క కాలుకూ మధ్య ఖాళీలో, పడుతుందా? 15 నంబరు కిటికీ 38.1 మిల్లీమీటర్ల పొడవు, 12.7 మిల్లీమీటర్ల వెడల్పు. బాబిన్ అంచులు పోగా ఒక్కో పొరలో 33 గేజు 110 చుట్లు పడతాయి. 1,440 చుట్లకు 14 పొరలు, కాగితాలతో కలిపి దాదాపు 5 మిల్లీమీటర్లు. 19 గేజు పొరకు 29, అంటే మూడు పొరలు, మూడున్నర మిల్లీమీటర్లు. బాబిన్ గోడ, మధ్య ఇన్సులేషన్ కలిపితే పదిన్నర దాకా వస్తుంది. చేత్తో చుట్టినప్పుడు కొంత ఉబ్బుతుంది, దానికి రెండు మిల్లీమీటర్లు మిగిలాయి. ఈ లెక్క ముందే వేయనివాళ్లకు తీగంతా చుట్టేశాక రేకులు దూరవు. పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

కొనాల్సినవి

ఎనామెల్ తీగ తూకం మీద అమ్ముతారు. ఈ లెక్కకు 33 గేజు 100 గ్రాములు, 19 గేజు 120 గ్రాములు తీసుకుంటే తరుగుతో సహా సరిపోతాయి. వైండింగ్ సామాను అమ్మే కొట్లు రాణిగంజ్, ట్రూప్ బజార్ వైపు ఉంటాయి. బాబిన్, స్టాంపింగులు, పొరల మధ్యకు సన్న ఇన్సులేషన్ కాగితం, ప్రైమరీ సెకండరీల మధ్యకు పాలియెస్టర్ ఫిల్ము, స్లీవులు, కాటన్ టేపు, గాలికి ఆరే వార్నిష్ కూడా అక్కడే అడగండి. కౌంటరు ఉన్న చేతి వైండింగ్ మిషన్ కొనే ముందు తెలిసిన రీవైండింగ్ షాపులో ఆదివారం పూట వాడుకోవడానికి అడిగి చూడండి. పని నేర్చుకుంటానంటే చాలామంది కాదనరు.

పాత ట్రాన్స్‌ఫార్మర్ విప్పి స్టాంపింగులు తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది. తుప్పు పట్టినవి, వంగినవి, పూత ఊడినవి పక్కన పడేయండి. ఆ పూతే ఒక రేకు నుంచి మరో రేకులోకి కరెంటు సుడులు పోకుండా ఆపేది.

చుట్టేటప్పుడు

బాబిన్ లోపలికి సరిగ్గా పట్టే చెక్కదిమ్మె చేయించండి. రెండు వైపులా చెక్క పలకలు పెట్టి బిగించండి. లేకపోతే తీగ బిగువుకు బాబిన్ అంచులు విచ్చుకుంటాయి.

సన్న తీగను నేరుగా బయటికి తీయకూడదు. కొసను గరుకు కాగితంతో గీకి, మెత్తటి రంగు వైరు ముక్కకు సోల్డర్ చేసి, అతుకు మీద స్లీవ్ తొడిగి, కాగితం మడిచి కప్పి, ఆ రంగు వైరునే అంచు రంధ్రంలోంచి బయటికి తీయాలి. కొన్ని నెలల తర్వాత పనిచేయకుండా పోయే ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి చూస్తే, తీగ తెగింది ఈ అతుకు దగ్గరే అయ్యుండే అవకాశం ఎక్కువ.

తీగ చుట్ట స్వేచ్ఛగా తిరగాలి. పక్కనుంచి లాగితే మెలిక పడుతుంది, మెలిక దగ్గర ఎనామెల్ పగులుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి గుడ్డ పెట్టి తీగను దానిలోంచి పోనివ్వండి. బిగువు మొదటి పొర నుంచి చివరి పొర దాకా ఒకేలా ఉండాలి.

ప్రతి పొర మీదా కాగితం వేయండి. కాగితం బాబిన్ వెడల్పు కన్నా కొంచెం ఎక్కువ ఉండేలా కత్తిరించి, రెండు అంచుల్లో చిన్న చిన్న గాట్లు పెడితే అవి గోడకు ఆనుకుని పైకి లేస్తాయి. దీని అవసరం అంకెల్లో చూడండి. ఒక పొరలో 110 చుట్లంటే 17.6 వోల్టులు. పక్కపక్క పొరల మధ్య ఎక్కువలో ఎక్కువ 35 వోల్టులే. ఎనామెల్ దీన్ని సులువుగా ఆపుతుంది. కానీ అంచు దగ్గర ఒక చుట్టు జారి నాలుగు పొరల కిందికి పడితే ఆ తేడా రెండింతలు, మూడింతలు అవుతుంది. జారిన చోట ఒత్తిడికి ఎనామెల్ నలిగితే షార్టే. అందుకే కాగితం అంచులు పొర మధ్యభాగం కన్నా ముఖ్యం.

కౌంటరు లేకపోతే పొర పూర్తయిన ప్రతిసారీ ఆ పొర చుట్లు నోటుబుక్కులో రాసి, పక్కన మొత్తం రాయండి. మధ్యలో ఎవరైనా పిలిచినా, ఫోను మోగినా ముందు టేపు అంటించి, అంకె రాసి, తర్వాతే లేవండి.

ప్రైమరీ అయ్యాక పాలియెస్టర్ ఫిల్ము మూడు పొరలు వేయండి. అవి ఒక గోడ నుంచి మరో గోడ దాకా ఖాళీ లేకుండా కప్పాలి. ఇంట్లో వాళ్ల ప్రాణానికీ 230 వోల్టులకూ మధ్య అడ్డుగా ఉండేది ఈ మూడు పొరలే, ఇక్కడ పొదుపు వద్దు. దాని మీద 19 గేజు. లావు తీగ మూలల దగ్గర ఉబ్బుతుంది. చెక్క ముక్కతో నొక్కి కూర్చోబెట్టండి, సుత్తితో కొట్టవద్దు. మొదలు, చివర రెండు కొసలకూ వేర్వేరు రంగు స్లీవులు వేయండి. రేపు 12-0-12 చుట్టాల్సి వస్తే ఏది మొదలో ఏది చివరో తెలియకుండా కలిపితే రెండు భాగాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా వస్తుంది.

స్టాంపింగులు పేర్చడం

ఇ ఆకారపు రేకు ఒకటి ఎడమ నుంచి, తర్వాతది కుడి నుంచి దూర్చాలి. ఐ ఆకారపు రేకులు ఎదురు వైపున పడాలి. ఇలా మార్చి మార్చి పేరిస్తే అతుకులన్నీ ఒకే చోట పడవు. అన్ని ఇ లనూ ఒకే వైపు పెడితే సన్నటి గాలి ఖాళీ ఏర్పడి, లోడు లేకున్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. డీసీ కరెంటు పోయే చోక్‌లకు మాత్రం ఆ ఖాళీ కావాలనే వదులుతారు. ఈ రెండింటి తేడా గుర్తుంచుకోండి.

చివరి నాలుగైదు రేకులు బిగువుగా ఉంటాయి. చెక్క సుత్తితో మెల్లగా దింపండి. రేకు అంచు బాబిన్‌ను చీల్చి తీగను తాకిందంటే అంతా పోయినట్టే. రేకులు వదులుగా ఉంటే హమ్మనే చప్పుడు వస్తుంది. బిగించే బోల్టులకు ఇన్సులేషన్ స్లీవ్ తొడగండి, కోర్‌కు ఎర్త్ ఇవ్వండి.

కరెంటు ఇచ్చే ముందు

ఈ పని ఒంటరిగా చేయవద్దు. గదిలో ఇంకొకరు ఉండాలి, మెయిన్ స్విచ్ ఎక్కడుందో వాళ్లకు తెలియాలి. కాళ్లకు పొడి చెప్పులుండాలి. కనెక్షన్ మార్చాలంటే ప్లగ్గు పూర్తిగా పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే మంచిది. ప్రైమరీ కొసలు బయటికి కనబడకుండా కనెక్టరులో మూయండి. పిల్లలున్న ఇంట్లో బల్ల మీద వదిలి వెళ్లవద్దు.

మైక్రోవేవ్ ఓవెన్లోంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్ జోలికి పోవద్దు. దాని సెకండరీ దాదాపు రెండు వేల వోల్టులు ఇస్తుంది, మనిషిని చంపడానికి సరిపడా కరెంటు కూడా ఇస్తుంది. అది నేర్చుకునే సామాను కాదు.

పరీక్షలు వరుసగా

మొదటిది నిరోధం. ప్రైమరీ 65 నుంచి 70 ఓంల మధ్య, సెకండరీ అర ఓం లోపు రావాలి. ప్రైమరీ కొసలకూ సెకండరీకీ, ప్రైమరీకీ కోర్‌కూ మధ్య మల్టీమీటరు ఏమీ చూపకూడదు. అయితే మల్టీమీటరు కొద్ది వోల్టులతోనే చూస్తుంది కాబట్టి ఇన్సులేషన్‌కు అది సాక్ష్యం కాదు. 500 వోల్టుల మెగ్గర్ కావాలి. మీ దగ్గర లేకపోతే రీవైండింగ్ షాపులో పెట్టించుకోండి. కొత్త పొడి వైండింగు వంద మెగాఓంలకు తగ్గకూడదు. తగ్గితే తేమ ఉన్నట్టు, లేదా ఎక్కడో తీగ నలిగినట్టు.

రెండోది సీరీస్ బల్బు. 60 వాట్ల గుండు బల్బును లైనులో వరుసగా పెట్టి దాని ద్వారా ప్రైమరీకి కరెంటివ్వండి. సెకండరీ ఖాళీగా ఉండాలి. బల్బు వెలగకపోతే, లేదా దానిలోపలి తీగ మాత్రం లేతగా ఎర్రబడితే బాగున్నట్టు. నిండుగా వెలిగితే చుట్లు ఎక్కడో షార్ట్ అయ్యాయి, వెంటనే ఆపండి.

మూడోది బల్బు తీసేసి నేరుగా లైను కరెంటు. ప్రైమరీలో 250 మిల్లీ ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు పెట్టండి. సెకండరీ 13 వోల్టుల దగ్గర చూపించాలి. లోడు లేనప్పుడు ప్రైమరీ కరెంటు ఎంతో కొలవండి. పూర్తి కరెంటు 130 మిల్లీ ఆంపియర్లు. అందులో నాలుగో వంతు దాటితే రేకుల పేర్పునో, చుట్ల సంఖ్యనో అనుమానించాలి.

నాలుగోది లోడు. ఆటో విడిభాగాల కొట్లో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. అది 1.75 ఆంపియర్లు లాగుతుంది. రెండు గంటలు నడిపి, ప్లగ్గు పీకి, వెంటనే ప్రైమరీ నిరోధం మళ్లీ కొలవండి. రాగి నిరోధం ఒక డిగ్రీకి నూటికి 0.39 పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు 68 ఓంలు, ఇప్పుడు 80 అనుకోండి. పెరిగింది 12. 68లో అది నూటికి 17.6. దాన్ని 0.39తో భాగిస్తే 45 డిగ్రీలు. మన ఎండాకాలం 40 డిగ్రీలు కలిపితే లోపల 85. 105 డిగ్రీల తరగతి ఇన్సులేషన్‌కు ఇది క్షేమమే. పైకి చేయి పెట్టి చూసి వేడి చెప్పేవాళ్లు చాలామంది. లోపలి వేడిని ఓంల లెక్కతో చెప్పండి, టెస్టింగ్ విభాగం పెద్ద మిమ్మల్ని రెండోసారి చూస్తాడు.

దీనితో డీసీ సప్లై కడితే ఒక హెచ్చరిక. బ్రిడ్జి రెక్టిఫయర్, పెద్ద కెపాసిటర్ పెట్టాక 2 ఆంపియర్ల డీసీ తీయకూడదు. కెపాసిటర్ శిఖరం దగ్గరే కరెంటు లాగుతుంది, తీగ ఎక్కువ వేడెక్కుతుంది. 1.2 ఆంపియర్ల దగ్గర ఆగండి.

అన్నీ సరిగ్గా ఉంటేనే వార్నిష్. ముందు ట్రాన్స్‌ఫార్మర్‌ను వేడి చేసి తేమ పోగొట్టాలి. మండుటెండలో కొన్ని గంటలు పెట్టినా పనికొస్తుంది. తర్వాత వార్నిష్‌లో బుడగలు ఆగేదాకా ముంచి, తీసి, కారనిచ్చి, డబ్బా మీద రాసిన సమయం ఆరనివ్వండి. వార్నిష్ పొగ మంచిది కాదు, నిప్పు కూడా అంటుకుంటుంది. ఈ పని డాబా మీదే, వంటగ్యాస్‌కు దూరంగా. ఆరాక మెగ్గర్ మళ్లీ పెట్టి అంకె రాయండి.

కాలిపోయినది చేతికొస్తే

విప్పే ముందు ఫొటో తీయండి, ఏ వైరు ఎక్కడికి పోతుందో రాయండి. సెకండరీని లెక్కపెడుతూ విప్పండి. ప్రైమరీ బాగుండి సెకండరీ మాత్రం పోయి ఉంటే, స్లీవ్ వైరుతో పది చుట్లు పైన వేసి, కరెంటిచ్చి కొలవండి. 1.6 వోల్టులు వస్తే ఒక వోల్టుకు 6.25 చుట్లు అని తేలిపోతుంది. తీగ లావు కొలవడానికి మైక్రోమీటర్ లేకపోతే పెన్సిల్ మీద ఇరవై చుట్లు ఆనించి చుట్టి, స్కేలుతో కొలిచి ఇరవైతో భాగించండి. విప్పిన రాగిని తూచండి. మీరు కొత్తగా చుట్టినది ఆ తూకానికి బాగా తగ్గిందంటే తీగ సన్నదైనా వాడుతున్నారు, చుట్లైనా తగ్గించారు.

ఎందుకు కాలిందో తెలుసుకోకుండా తిరిగివ్వవద్దు. అవతల డయోడ్ షార్ట్ అయి ఉంటే మీరు చుట్టినదీ కాలుతుంది. ప్రైమరీ పైపొర మీద థర్మల్ ఫ్యూజు ఒకటి పెడితే మరోసారి వేడెక్కినా నిప్పు దాకా పోదు. కూలి అడిగేటప్పుడు ఆ రోజు రాగి ధర, ఇన్సులేషన్, మీ గంటలు విడివిడిగా రాసివ్వండి. ఏడాది పూచీ ఇవ్వగలిగితే ఇవ్వండి, ఇవ్వలేకపోతే ముందే చెప్పండి.

ఇది ఉద్యోగంగా ఎలా మారుతుంది

ఈ నోటుబుక్కులో మూడు ట్రాన్స్‌ఫార్మర్లకైనా పూర్తి లెక్కలు ఉండాలి. ఒక్కోదానికి ఒక పేజీ: కోర్ కొలతలు, వోల్టుకు చుట్లు, గేజులు, అనుకున్న నిరోధం, వచ్చిన నిరోధం, మెగ్గర్, లోడు లేని కరెంటు, రెండు గంటల తర్వాతి వేడి. అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఉన్న చోట కారణం రాయండి. తేడాలు దిద్ది అందంగా చేయవద్దు. ఆ తేడాల గురించే ఇంటర్వ్యూలో మాట్లాడాలి.

ఈసీఐఎల్, అణు ఇంధన సంస్థ ఎన్‌ఎఫ్‌సీ 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద ఐటీఐ అభ్యర్థులను తీసుకుంటాయి. ప్రకటన వచ్చేసరికి ఐటీఐ సర్టిఫికెట్టు, ఆధార్, బ్యాంకు ఖాతా ఒకే పేరుతో సరిగ్గా ఉండేలా ఇప్పుడే చూసుకోండి. అప్రెంటిస్‌షిప్‌కు ఎవరికీ డబ్బు కట్టాల్సిన పని లేదు, అడిగినవాణ్ని నమ్మవద్దు. ఐటీఐలో శిక్షకులు కావాలనుకునేవాళ్లకు రామంతాపూర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ దగ్గరలోనే ఉంది.

చిన్న కంపెనీలకు వెళ్లేటప్పుడు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌ను, నోటుబుక్కును తీసుకెళ్లండి. ఏ పని అయినా చేస్తాననకండి. వైండింగ్, టెస్టింగ్ వచ్చు అని పేరు పెట్టి అడగండి. జీతం మాట్లాడేటప్పుడు ఈఎస్‌ఐ, పీఎఫ్ సంగతి కూడా అడగండి. పది మంది గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ పనిచేసే చోట, నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐ హక్కు. ఆ కార్డు ఉంటే నాచారంలోని ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు అక్కరకొస్తుంది.

తర్వాతి మెట్టు

50 హెర్ట్జ్ ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ పునాది మాత్రమే. ఇవాళ ఫోను ఛార్జర్లలో, ఎల్‌ఈడీ డ్రైవర్లలో, విద్యుత్ వాహనాల ఛార్జర్లలో ఉన్నవి ఫెరైట్ కోర్‌లు. ఫ్రీక్వెన్సీ 50 నుంచి 50 వేల హెర్ట్జ్‌కు పెరిగితే అదే వోల్టేజీకి చాలా చిన్న కోర్, చాలా తక్కువ చుట్లు చాలు. ఇందాకటి సూత్రంలోనే అంకె మార్చి చూడండి, ఎందుకో తెలుస్తుంది. అయితే అంత ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటు తీగ పైపొరలో, దాదాపు 0.3 మిల్లీమీటర్ల లోతులోనే పారుతుంది. అందుకే లావు తీగ బదులు సన్న తీగలు కలిపి పేని చుడతారు. ఇనుప కోర్ మీద లెక్క వచ్చినవాళ్లకు ఈ మెట్టు కష్టం కాదు. లెక్క లేకుండా చేయి మాత్రమే తిప్పినవాళ్లకు ఇక్కడ ఏ కొలతా అర్థం కాదు.

వారానికి ఒక్క ఆదివారం కేటాయించండి. మొదటి ఆదివారం లెక్క, రెండోది సామాను, మూడోది చుట్టడం, నాలుగోది పరీక్షలు. నెల తిరిగేసరికి మీ బల్ల మీద పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, నోటుబుక్కులో నిండిన పేజీ ఒకటి ఉంటాయి. రెండో నెల వోల్టేజీ మార్చి మళ్లీ చుట్టండి. ఆ తర్వాత టెస్టింగ్ బెంచీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టండి. అనుభవం ఉందా అని అడిగితే ఆ పేజీ తెరిచి చూపించండి.